అర మిల్లీమీటరు కందిరీగ: పేరు తేల్చే పని



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద ఉంది. సభల్లో తన పేరు పదేపదే ఎత్తడం ఆయనకు గిట్టేది కాదు కనుక నేనిక ఎత్తబోను. ఆయన శిష్యులు ఈ నిధిని ఏర్పాటు చేసినప్పుడు వక్తలకు ఒక షరతు పెట్టారు. జీవవైవిధ్యం, మానవాళి భవిష్యత్తు లాంటి పెద్ద మాటలు వద్దు, ఒక పురుగును పట్టుకుని దాని సంగతి చెప్పండి అన్నారు. క్లాసులో మాస్టారి పద్ధతీ అదే. ఆ షరతుకు లోబడి ఈ సాయంత్రం నేను పట్టుకున్న పురుగు ట్రైకోగ్రామా.

వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇది కొత్త పేరేమీ కాదు. వరిలో కాండం తొలిచే పురుగుకూ, ఆకుముడతకూ, చెరకులో పీక పురుగుకూ ట్రైకో కార్డులు పెట్టమని మన వ్యవసాయ అధికారులు చెబుతూనే ఉంటారు. చిన్న అట్టముక్క, దాని మీద జిగురుతో అంటించిన కోర్సైరా అనే రెక్కల పురుగు గుడ్లు, ఆ గుడ్లలో పెరుగుతున్న బదనికలు, అంటే మన ట్రైకోగ్రామాలు. ఒక సీసీ గుడ్లు అంటే సుమారు 20 వేలు. కార్డును ముక్కలు చేసి పొలంలో అక్కడక్కడా ఆకుల అడుగున గుచ్చుతారు. బయటికి వచ్చిన ఆడ బదనిక చేలో పురుగు పెట్టిన గుడ్డును వెతుక్కుంటూ పోయి అందులో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల పురుగు గుడ్డును లోపలి నుంచే తినేస్తుంది. గుడ్డు నల్లబడుతుంది, పంటను తినాల్సిన పురుగు పుట్టనే పుట్టదు. రైతుకు నాలుగు మాటల్లో చెప్పి ఒప్పించగలిగిన ఇంత శుభ్రమైన సస్యరక్షణ నాకు మరొకటి తెలియదు.

రైతు అడగని, అడగాల్సిన అవసరం కూడా లేని ప్రశ్న ఒకటుంది. కార్డు మీద ‘ట్రైకోగ్రామా చిలోనిస్’ అని ఉంటుంది. లోపల ఉన్నది చిలోనిసేనని ఎవరు తేల్చారు? ఏం చూసి తేల్చారు? నేను చెప్పేదంతా ఈ ప్రశ్నకు జవాబే.

ముందు వంశం సంగతి. ఇది కందిరీగే. కందిరీగ అనగానే మనకు చూరు కింద గూడు, వెంటపడి కుట్టే గుంపు కళ్లముందు ఆడతాయి. నిజానికి అలా కాపురం చేసేవి కందిరీగల్లో కొద్ది భాగమే. మిగతావన్నీ ఒంటరివి. వాటికి రాణి లేదు, కూలీలు లేరు, కొట్లాడి కాపాడుకోవాల్సిన గూడూ లేదు. ప్రతి ఆడదీ తన సంతానం సంగతి తానే చూసుకుంటుంది. ఒంటరి కందిరీగల్లో కాల్సిడ్‌లనేవి ఒక పెద్ద సమూహం. ట్రైకోగ్రామా అందులోది. పొడవు అర మిల్లీమీటరు అటూ ఇటూ. ఆవగింజలో సగం కూడా ఉండదు. మనల్ని కుట్టే శక్తి లేదు. కుట్టినా మనకు తెలియదు.

ఇంత చిన్నదాన్ని ప్రజాతి దాకా గుర్తుపట్టడం కష్టమేమీ కాదన్న సంగతి విద్యార్థులకు మొదట్లో నమ్మబుద్ధి కాదు. మైక్రోస్కోపు కింద ముందు కాలు చూడండి. మడమ తర్వాత చివరి భాగంలో కణుపులు లెక్కపెట్టండి. కాల్సిడ్‌లలో ఎక్కువ వాటికి నాలుగో అయిదో ఉంటాయి. దీనికి మూడే. మూడు కనిపించాయంటే ట్రైకోగ్రామాటిడే కుటుంబం ఖాయం. తర్వాత ముందు రెక్క. దాని మీది సన్నని వెంట్రుకలు ఇష్టమొచ్చినట్టు కాకుండా వరుసలు కట్టి ఉంటాయి, ఈనె మెలిక తిరిగి ఉంటుంది. ఆ తర్వాత మగదాని మీసం. చివరి కణుపులన్నీ కలిసిపోయి ఒకే పొడుగాటి ముక్కగా ఉండి, దాని నిండా నిక్కబొడిచిన పెద్ద వెంట్రుకలుంటే ట్రైకోగ్రామా. కణుపులు విడివిడిగా ఉండి, రెక్క మీద ఒక నిర్దిష్టమైన వెంట్రుకల వరుస లోపిస్తే దాని దాయాది ట్రైకోగ్రామాటాయిడియా. అలవాటైన కంటికి ఇదంతా ఒక నిమిషం పని.

అసలు చిక్కు అక్కడి నుంచే మొదలవుతుంది. ట్రైకోగ్రామా ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద 200 పైచిలుకు జాతులు లెక్కకెక్కాయి. ఆడ పురుగుల్ని పక్కపక్కన పెడితే చాలా జాతులకు తేడా చెప్పలేం. అనుభవజ్ఞులూ చెప్పలేరు. వర్గీకరణ శాస్త్రం కోడిగుడ్డు మీద ఈకలు పీకే విద్య అని మిగతా శాఖలవాళ్లు మమ్మల్ని ఎగతాళి చేస్తారు. ట్రైకోగ్రామా విషయంలో నూరేళ్లకు పైగా పీకడానికి ఆ ఈక కూడా దొరకలేదు.

ఈ ప్రజాతిని ఇంగ్లండులో వెస్ట్‌వుడ్ 1833లో స్థాపించాడు. ఆయన వర్ణించిన జాతి ఇవానెసెన్స్. 1871లో అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్ర కీటక శాస్త్రవేత్త చార్లెస్ వాలెంటైన్ రైలీ ఒక సీతాకోకచిలుక గుడ్లలోంచి వచ్చిన పురుగుకు మినూటం అని పేరుపెట్టాడు. ఆ తరువాత ఐరోపాలో ఏ ట్రైకోగ్రామా దొరికినా ఇవానెసెన్స్ అనడం, అమెరికాలో ఏది దొరికినా మినూటం అనడం ఆనవాయితీ అయిపోయింది. మన దేశంలో దొరికినదాన్ని కాసేపు ఇదీ, కాసేపు అదీ అన్నారు. జాతుల్ని విడగొట్టాలని ప్రయత్నించినవాళ్లు ఎక్కువగా ఒంటి రంగును పట్టుకున్నారు. పసుపు పచ్చనిది ఒక జాతి, గోధుమ రంగుది ఇంకో జాతి. తీరా చూస్తే ఒకే తల్లి పిల్లలు వెచ్చని గదిలో పెరిగితే పచ్చగా, చల్లని గదిలో పెరిగితే ముదురు రంగుతో వచ్చాయి. అంటే చాలా కాలం పాటు పండితులు వర్ణించింది జాతుల్ని కాదు, వాతావరణాన్ని.

రంగు నమ్మరానిదని తేలితే ఆకారాన్నయినా నమ్మవచ్చా? కేంబ్రిడ్జిలో జార్జ్ సాల్ట్ 1937లో అచ్చువేసిన పరిశోధన ఇప్పటికీ చదివి తీరాల్సినది. ట్రైకోగ్రామా సెంబ్లిడిస్ అనే జాతి నీటి అంచున రెల్లు మీద గుడ్లు పెట్టే ఆల్డర్ ఫ్లై అనే కీటకం గుడ్లలో పెరుగుతుంది. రెక్కల పురుగుల గుడ్లలోనూ పెరుగుతుంది. రెక్కల పురుగు గుడ్డులోంచి వచ్చిన మగవాటికి మామూలుగానే రెక్కలుంటాయి. ఆల్డర్ ఫ్లై గుడ్డులోంచి వచ్చిన మగవాటికి అసలు రెక్కలే ఉండవు. మీసాలు కూడా ఆడవాటి మీసాల్లా ఉంటాయి. తల్లి ఒకటే, జాతి ఒకటే. పెరిగిన ఇల్లు వేరైతే ఒళ్లే వేరైంది. పెంచి చూడకుండా, చచ్చిన నమూనాలు మాత్రమే బల్ల మీద పెట్టుకుని కూర్చున్న పండితుడు ఆ రెండింటినీ రెండు జాతులనకుండా ఉండగలడా? మ్యూజియంలో కూర్చుని వర్గీకరణ చేసేవాళ్లకూ, పురుగుల్ని పెంచేవాళ్లకూ మధ్య మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ ఉన్న ఎడం చూసినప్పుడల్లా నాకు ఈ పత్రం గుర్తుకొస్తుంది.

ముడి విప్పింది బెంగళూరులో. కామన్వెల్త్ జీవ నియంత్రణ సంస్థ భారత కేంద్రంలో పనిచేస్తున్న సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ అనే ఇద్దరు 1960లలో ఈ పేర్ల గందరగోళంలోకి దిగారు. ముందు వాళ్లు చేసింది సంకర పరీక్షలు. ఇవానెసెన్స్, మినూటం, ఆస్ట్రాలికం అని పిలుస్తున్న పురుగుల్ని ఒకదానితో ఒకటి కలిపి చూశారు. ఈ పరీక్షలో ఒక సౌలభ్యం ఉంది. కందిరీగల్లో ఫలదీకరణ జరగని గుడ్డు మగదవుతుంది, జరిగిన గుడ్డు ఆడదవుతుంది. అందుచేత రెండు పురుగులు కలిసి నిజంగా సంతానం కలిగిందా లేదా అన్నది కూతుళ్లను లెక్కపెడితే తెలిసిపోతుంది. కొడుకులే పుట్టారంటే ఆ కలయిక పనికి రాలేదన్నమాట. ఒక జాతికీ ఇంకో జాతికీ మధ్య ఉన్న గోడ కూతుళ్ల లెక్కలో కనిపిస్తుంది.

1968లో ఆ ఫలితాలు వచ్చాయి. గోడ ఉందని తెలిసింది సరే, ఆ గోడకు తగిన గుర్తు ఒంటి మీద ఎక్కడైనా ఉందా? వాళ్లు మగ పురుగు జననాంగాన్ని చూశారు. ఉంది. 1971లో బులెటిన్ ఆఫ్ ఎంటమలాజికల్ రిసెర్చ్ పత్రికలో, అప్పటికే పేరున్న జాతుల్ని మగ జననాంగాల ఆధారంగా తిరిగి వర్ణిస్తూ వాళ్లు రాసిన పత్రం ఈ ప్రజాతి చరిత్రను రెండుగా చీల్చింది: దానికి ముందు, దాని తరువాత. ఆ పత్రానికి ముందు ట్రైకోగ్రామా మీద వచ్చిన పరిశోధనల్లో పేరు చూసి ఏదీ నమ్మలేం, మగ నమూనా దాచి ఉంటే తప్ప. మన దేశపు ప్రయోగశాలలో కూర్చుని ప్రపంచం మొత్తం వాడే కొలబద్దను తయారుచేసిన సందర్భాలు కీటక శాస్త్రంలో ఎన్నో లేవు. మన పాఠ్యపుస్తకాల్లో వాళ్లిద్దరి పేర్లు బ్రాకెట్లలో ఒక సంవత్సరం పక్కన నక్కి ఉంటాయి. అది నాకు నచ్చదు.

ఇక ఆ గుర్తును ఎలా చూస్తామో చెబుతాను. మాస్టారు మాకు చేయించిన పని ఇది.

మీసాల వెంట్రుకలు చూసి మగ పురుగుల్ని ముందే ఏరిపెట్టుకుంటాం. ఆల్కహాల్లో ఉన్న పురుగును తీసి పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానేస్తాం. లోపలి కండ, కొవ్వు కరిగిపోయి పైపెంకు మాత్రం మిగులుతుంది. తక్కువసేపు ఉంచితే లోపల మసక పోదు. ఎక్కువసేపు ఉంచితే పెంకు కూడా పలచబడి, చూడాల్సిందే కనిపించకుండా పోతుంది. తరువాత నీళ్లతో కడిగి, ఆల్కహాల్ గాఢత మెట్టుమెట్టుగా పెంచుతూ తడి తీసేసి, లవంగ నూనెలోకి దించుతాం. పంటి డాక్టరు గది వాసన వచ్చే ల్యాబు ఎక్కడైనా కనిపిస్తే అక్కడ ఎవరో చిన్న కందిరీగల మీద పనిచేస్తున్నారని అనుకోవచ్చు. స్లైడు మీద కెనడా బాల్సం బొట్టు, అందులో పురుగు. పొట్ట చివరి నుంచి జననాంగాన్ని విడదీయడానికి మిన్యూటెన్ అనే వెంట్రుకంత స్టీలు సూదిని పుల్లకు గుచ్చి వాడతాం. ఈ పని చేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. మే నెలలో అయినా ఆపాలి. గాలికి పురుగు ఎగిరిపోతే నేల మీద వెతికే ప్రశ్నే లేదు.

జననాంగం మొత్తం పొడవు మిల్లీమీటరులో పదో వంతు దగ్గర. దాన్ని వీపు వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి కవర్ స్లిప్పు వేయాలి. బరువు ఎక్కువైతే నలిగి ఆకారం మారుతుంది, లేని తేడా కనిపిస్తుంది. 400 రెట్లు పెంచి చూస్తే ఒక గొట్టం, దాని మధ్యలో సన్నని కడ్డీ, అది ఏడియాగస్. ఇరుపక్కలా పట్టకారు చేతుల్లాంటి రెండు కొమ్మలు, వాటి మధ్య ఒక మొన. వీటన్నిటి మీదా కప్పు వేసినట్టు, గాజులా పారదర్శకంగా, ఒక పలక ఉంటుంది. డార్సల్ లామినా అంటారు. ఫోకస్ మర కొద్దిగా తిప్పితే పలక అంచు తేలుతుంది, ఇంకొద్దిగా తిప్పితే పలక మాయమై కింది మొన తేలుతుంది. కొత్తవాళ్లు పై అంచునూ కింది అంచునూ కలిపేసి లేని ఆకారాన్ని గీస్తారు. అందుకే మాస్టారు ఫొటో తీయనిచ్చేవారు కాదు, పెన్సిల్‌తో బొమ్మ గీయమనేవారు. ఫొటో ఒక్క లోతునే చూపిస్తుంది. బొమ్మ గీసేవాడు మర తిప్పక తప్పదు, ఏది పైన ఏది కింద అని తేల్చుకోకా తప్పదు.

చిలోనిస్‌లో ఈ పలక త్రికోణంలా ఉండి, మొదట్లో సన్నగా నొక్కుకుపోయి, ఇరుపక్కలా గుండ్రటి తమ్మెలు దేలి ఉంటుంది. పలక ఆకారం, తమ్మెల ఉబ్బు, పలక కొన ఎంత దూరం పోయింది, మధ్య మొన ఎంత పొడవు, ఒకదానికొకటి నిష్పత్తి ఎంత, ఇవి చూసి జాతి చెబుతాం. వరికి వాడే జపానికం ఒళ్లు నల్లగా ఉండటంతో పైకే అనుమానం వస్తుంది. అయినా రంగు అనుమానానికే పనికొస్తుంది, తీర్పుకు కాదు. తీర్పు పలకదే. మరీ చిన్న గుడ్డులో పెరిగి బక్కచిక్కిన మగవాటిలో పలక కూడా కొంత తేడాగా వస్తుంది. కాబట్టి ఒక్క స్లైడు చూసి పేరు రాయకూడదు.

శరీరంలో మిగతా భాగాలన్నీ తిండికీ వాతావరణానికీ తగ్గట్టు మారుతుంటే ఇదొక్కటి ఎందుకు స్థిరంగా ఉంది? తాళంచెవి తాళానికి సరిపోయినట్టు ఒక జాతి మగ అవయవం ఆ జాతి ఆడదానికే సరిపోతుందని ఫ్రాన్స్‌లో లియోన్ దుఫూర్ 19వ శతాబ్దంలోనే అన్నాడు. 1985లో విలియం ఎబర్‌హార్డ్ పుస్తకం వచ్చాక ఎక్కువమంది మొగ్గుతున్నది వేరే వివరణకు. ఆడవి మగవాటిని ఎంచుకునే తీరు వల్ల ఈ భాగాలు జాతి జాతికీ వేగంగా వేరుపడతాయని దాని సారం. కారణం ఏదైనా, గుర్తుపట్టేవాడికి కావలసింది వేరుపాటు. అది ఇక్కడ దొరికింది.

కొలబద్ద దొరికాక పాత పేర్ల లెక్క తేల్చాల్సి వచ్చింది. అది ఇంకో తలనొప్పి. మన దేశంలో చెరకు పొలాల్లో దొరికే జాతిని ఆస్ట్రాలికం అని పిలవడం మొదలైంది. ఆ పేరు 1912లో గిరాల్ట్ పెట్టినది. అలెగ్జాండర్ ఆర్సేన్ గిరాల్ట్ అమెరికాలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన మనిషి. ఒంటిచేత్తో మూడు వేలకు పైగా జాతుల్ని వర్ణించాడు. పత్రికలు తీసుకోకపోతే సొంత డబ్బుతో కరపత్రాలు వేసుకున్నాడు. గిట్టని పై అధికారి మీద కసితో, ఉనికిలో లేని ఒక కందిరీగను బృహస్పతి గ్రహవాసిగా వర్ణించి దానికి ఆ అధికారి పేరు తగిలించిన ఘనుడు. ఆయన స్లైడ్ల మీద పురుగులు నలిగిపోయి, కొన్నిచోట్ల ఒకే కవర్ స్లిప్పు కింద రెండు మూడు జాతులు కలగలిసి ఉంటాయి. మేధ మీద గౌరవం ఉంచుకుంటూనే ఆయన స్లైడ్ల మీద కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు మూడు తరాలున్నారు.

ఆసియాలో ఆస్ట్రాలికం అంటున్నది గిరాల్ట్ చెప్పిన ఆస్ట్రాలికం కాదని తేలింది. 1976లో ఇటలీకి చెందిన విజానీ దానికి కన్ఫ్యూజం అని కొత్త పేరు పెట్టాడు. తీరా చూస్తే జపాన్‌లో ఇషీ 1941లోనే ఆ జాతిని చిలోనిస్ అని వర్ణించి ఉన్నాడు. నాగర్‌కట్టి, నాగరాజలే 1979లో ఆ లెక్కనూ సరిచేశారు. అంతర్జాతీయ నియమావళి ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. ఆ విధంగా మన పొలాల్లోని ఒకే పురుగు మన పరిశోధనా పత్రాల్లో మినూటంగా, ఇవానెసెన్స్‌గా, ఆస్ట్రాలికంగా, కన్ఫ్యూజంగా తిరిగి చివరికి చిలోనిస్‌గా స్థిరపడింది. పాత పత్రం చదివే విద్యార్థికి ఈ వరుస తెలియకపోతే అయిదు జాతుల మీద అయిదు పరిశోధనలు జరిగాయనుకుంటాడు.

దొరికినవన్నీ ఆడవే అయితే ఏం చేయాలి? మామూలుగా దీనికి సులువైన మార్గం ఉంది. ఒక్క ఆడది బతికి ఉన్నా చాలు, దానికి గుడ్లివ్వండి. మగది తోడు లేకపోయినా కొడుకులు పుడతారు. కొడుకుల్ని స్లైడు చేస్తే తల్లి పేరు తెలుస్తుంది. కొన్ని వంశాల్లో ఇదీ పనిచేయదు. తోడు లేని తల్లికి తరతరాలుగా కూతుళ్లే పుడుతుంటారు. దీనికి కారణం పురుగు స్వభావం కాదని 1990లో స్టౌతామర్, లక్, హామిల్టన్ అమెరికా నేషనల్ అకాడమీ ప్రొసీడింగ్స్‌లో చూపించారు. వాటికి యాంటీబయాటిక్ మందు పెడితే మళ్లీ కొడుకులు పుట్టారు. 30 డిగ్రీలు దాటిన వేడిలో పెంచినా పుట్టారు. పురుగు కణాల్లో కాపురముండే వోల్బాకియా అనే బాక్టీరియా, ఫలదీకరణ జరగని గుడ్డును కూడా ఆడదిగా మార్చేస్తోంది. బాక్టీరియా తల్లి నుంచి గుడ్డు ద్వారానే తరువాతి తరానికి పోగలదు కనుక మగ సంతానం దానికి దండగ. అంటే, ఒక కందిరీగ పేరు తెలుసుకోవడానికి ముందు దానికి టెట్రాసైక్లిన్ వైద్యం చేయాల్సి వచ్చిందన్నమాట. వర్గీకరణ శాస్త్రం ఎండిపోయిన విద్య అనేవాళ్లకు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

పేరు తప్పయితే ఏం కొంప మునిగింది అని ఒక అధికారి నన్నడిగారు. కాలిఫోర్నియా నారింజ తోటలవాళ్లను అడగమన్నాను. అక్కడి తోటల్ని ఎర్ర పొలుసు పురుగు పీడించేది. దాని శత్రువుల్ని వెతకడానికి ఆసియాకు వచ్చినవాళ్లకు ఇక్కడ ఆ పొలుసు పురుగు మీద పచ్చటి చిన్న కందిరీగలు కనిపించాయి. అది మా దగ్గర ఇప్పటికే ఉన్న అఫైటిస్ క్రైసాంఫాలీయే కదా అని వదిలేశారు. అలా దశాబ్దాలు గడిచిపోయాయి. హెరాల్డ్ కాంపియర్, పాల్ డెబాక్ వంటివాళ్లు ఒంటి మీది వెంట్రుకల అమరిక, ప్యూపా దశలో నల్లరంగు ఎక్కడెక్కడ ఉంటుందన్నది పట్టి చూశాక, ఒకటనుకున్నది చాలా జాతులని తెలిసింది. వాటిలో ఒకటి 1940ల చివర దక్షిణ చైనా నుంచి వెళ్లింది. ఇంకొకటి, అఫైటిస్ మెలినస్, 1956–57లో మన ఉత్తర భారతం నుంచీ పాకిస్తాన్ నుంచీ వెళ్లింది. ఈ మెలినస్సే కాలిఫోర్నియాలో ఎర్ర పొలుసు పురుగును అణచింది. ఇప్పటికీ అక్కడ దాన్ని పెంచి అమ్ముతున్నారు. పక్క ఇంట్లో ఉన్న మందును, పేరు పొరబడి, అరశతాబ్దం ముట్టుకోలేదు.

డీఎన్ఏ వచ్చాక ఈ స్లైడ్ల గోల ఎందుకని మీలో చిన్నవాళ్లకు అనిపిస్తూ ఉండవచ్చు. ఐటీఎస్2 అనే డీఎన్ఏ భాగం ట్రైకోగ్రామా జాతుల్ని బాగా విడదీస్తుందని 1999లో చూపించారు. ఆడదైనా, పిల్ల దశలో ఉన్నా పేరు చెప్పవచ్చు. దాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను, మా ల్యాబులోనూ వాడతాం. కాని డీఎన్ఏ బ్యాంకులో ఒక అక్షరమాల పక్కన చిలోనిస్ అని రాసింది ఎవరు? ఎవరో ఒకరు మొట్టమొదట ఆ పురుగు అన్నను గానీ తమ్ముణ్ణి గానీ స్లైడు చేసి, పలక చూసి పేరు పెట్టారు. ఆ మొదటి చూపు తప్పయితే యంత్రం ఆ తప్పునే వేగంగా, శ్రద్ధగా అన్ని దేశాలకూ పంచుతుంది.

అరుదైన జాతుల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఈ కుటుంబంలో ఒకే స్లైడు ద్వారా లోకానికి తెలిసిన జాతులున్నాయి. వాటిని అరుదైనవి అంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం తక్కువ. మామూలు పురుగుల వలలో ఇవి కన్నాల్లోంచి జారిపోతాయి. పసుపు రంగు పళ్లెంలో సబ్బునీళ్లు పోసి పొలం గట్టున పెడితే పడతాయి, అయితే వడకట్టేవాడు పెద్దవి ఏరుకుని మిగతాది పారబోస్తాడు. మిరప తోటల్లో మనవాళ్లను ఏడిపిస్తున్న తామర పురుగులనే తీసుకోండి. వాటి కుటుంబపు పురుగుల గుడ్లలో బతికే కందిరీగలున్నాయి, మెగాఫ్రాగ్మా అంటారు. ట్రైకోగ్రామా కుటుంబమే. పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు. ఏకకణ జీవి పారమీషియం అంత. మాస్కో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్సీ పోలిలోవ్ 2012లో దాని నాడీవ్యవస్థను కోసి చూశాడు. నాడీకణాలు సుమారు 7,400 మాత్రమే. తేనెటీగకు ఎనిమిదిన్నర లక్షలు. పైగా ఈ 7,400లో నూటికి 95 కణాలకు కేంద్రకమే లేదు. ప్యూపా దశ చివర జాగా చాలక కేంద్రకాల్ని వదిలించుకుంటుంది. ఆ నాడీవ్యవస్థతోనే ఎగురుతుంది, జత వెతుక్కుంటుంది, తామర పురుగు గుడ్డు ఆకులో ఎక్కడ దాగుందో కనిపెడుతుంది. మన మిరప చేలల్లో ఆకులు కోసుకొచ్చి గాజు గొట్టాల్లో పెట్టి, వాటిలోంచి ఏమొస్తాయో ఓపికగా చూసేవాళ్లుంటే మన తెలుగు జిల్లాల నుంచే ‘అరుదైన’ జాతులు అరుదు కాకుండా పోతాయని నా అభిప్రాయం.

ఆధారాలు లేవని ఎవరూ అనడానికి లేదు. బి.ఆర్. సుబ్బారావు, మహమ్మద్ హయత్ సంపాదకులుగా భారత, పరిసర దేశాల కాల్సిడ్‌ల మీద 1985, 1986లలో ఓరియంటల్ ఇన్‌సెక్ట్స్‌లో వచ్చిన సంపుటాలు మన గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

జీవ నియంత్రణ ప్రయోగశాలలు నడుపుతున్నవాళ్లకూ, ఈ ఏడు పరిశోధనలో చేరిన పిల్లలకూ నా విన్నపం ఒకటే. మీరు పెంచే ప్రతి బదనిక వంశం నుంచి ఏడాదికి ఒకసారైనా కొన్ని మగ పురుగుల్ని తీసి స్లైడ్లు చేయండి. మొదట ఎక్కడ పట్టారు, ఏ పంట మీద, ఏ పురుగు గుడ్డు నుంచి, ఏ తేదీన, ఎవరు పేరు తేల్చారు అన్నవి చీటీ మీద నల్లసిరాతో రాసి అంటించండి. ట్రైకోగ్రామా పేరుతో ప్రయోగం చేసి పత్రం రాసేటప్పుడు ఆ స్లైడు ఏ మ్యూజియంలో ఏ అంకె కింద ఉందో ఒక వాక్యం రాయండి. రాయని పత్రాన్ని పరీక్షకులుగా వెనక్కి పంపండి. స్లైడు చేయడం రానివాళ్లు సిగ్గుపడకుండా వచ్చి అడగండి. నేర్పడానికి మా దగ్గర మైక్రోస్కోపు ఉంది, లవంగ నూనె ఉంది. ఫ్యాన్ మాత్రం వేయం.